కుండ గొంతు రత్తాలు

రా, ఇలా నా పక్కన ముడుచుకో. ఆ పాదాలు నాకు ఆనించకే, చల్లగా ఉన్నాయి! దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొట్టాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథ కూడా ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదులే. కొల్లేట్లో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో కాస్త మెరక, ఆ మెరక మీద కాసిని గుడిసెలు. సంతకెళ్ళాలన్నా, చుట్టాలింటికెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. ఆ లంకలో రత్తాలని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. నీలాగే అన్నం దగ్గర మొండిఘటం.

రత్తాలు వాళ్ళమ్మ పేరు పైడమ్మ, నాన్న పేరు ఏడుకొండలు. వాళ్ళకి పొలమూ లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా ఒక బాతుల మంద. తెల్లారగానే మందని నీళ్ళలోకి తోలేవాళ్ళు. పగలంతా ఆ బాతులు దూరాన చేలల్లో పడి నత్తలూ పురుగులూ మెక్కేవి. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి వెదురు దడిలో పడుకోవాలి. అప్పుడే మర్నాడు దడి నిండా గుడ్లు. రాకపోయాయో, గుడ్లు ఏ చేలోనో పోతాయి, బాతులేమో నక్క నోట్లో పడతాయి.

మరి అంత దూరం పోయిన బాతులు ఎలా వస్తాయంటావ్? పిలవాలి. ఆ లంకలో ఎవరి మందకి వాళ్ళ పాట ఉండేది. పైడమ్మ సాయంత్రం గట్టు మీద నిలబడి ఇలా పాడేది:

రావే బాతమ్మా రావే
రాతిరవుతోంది రావే
నత్తలు మెక్కింది చాలే
నడుము వాల్చుదువు రావే

పైడమ్మ గొంతు సన్నం. సన్నగా, తియ్యగా పైకి లేచేది. అది వినపడిందా, ఎక్కడెక్కడి బాతులూ తోకలాడించుకుంటూ బారు కట్టి వచ్చేసేవి.

రత్తాలు గొంతు అలా కాదు. లావుగా, కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టుండేది. లంకలో పిల్లలందరూ "కుండ గొంతు రత్తాలు, కుండ గొంతు రత్తాలు" అని వెంటపడి ఏడిపించేవాళ్ళు. పాపం, దానికెంత ఉక్రోషం వచ్చేదో! అందుకని నలుగురిలో నోరు విప్పి పాడేదే కాదు.

ఒక్కచోట మాత్రం పాడేది. ఎక్కడో చెప్పనా? కోడిపెట్ట దగ్గర. బాతు ఉంది చూశావూ, గుడ్డు పెట్టేసి చక్కా పోతుంది. కూచుని పొదిగే ఓపిక ఆ మహాతల్లికి లేదు. అందుకని బాతుగుడ్లు తీసి కోడిపెట్ట కింద పెడతారు. ఆ ఏడు పొయ్యి పక్కన గంపలో పెట్టని కూచోబెట్టి, కాపలా రత్తాలుకి అప్పజెప్పారు. రత్తాలు గంప పక్కన చతికిలపడి, అమ్మ పాటనే నోరు మూసుకుని లోపల్లోపల "ఊఁ... ఊఁ..." అని తీసేది. వినేది కోడేగా! కోడి ఎవరినీ వెక్కిరించదుగా!

ఆ తర్వాత గుడ్లు చిట్లాయి. పచ్చపచ్చటి పిల్లలు బయటికొచ్చాయి. రావడంతోనే వెళ్ళి బుడుంగుమని నీళ్ళలో దూకాయి. కోడిపెట్ట గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తి ఒకటే గోల. పిల్లలు మునిగిపోయాయనుకుంది వెర్రిమాలోకం. నవ్వుతావేం? నువ్వు గోడెక్కినప్పుడు నా పనీ అంతే.

కొన్నాళ్ళకి పిల్లలు పెరిగి మందలో కలిసిపోయాయి. ఒక్కదానికి మాత్రం కాలు వంకర, దూరం పోలేదు. దాన్ని ఇంటి దగ్గరే ఉంచి, రత్తాలు దానికి సుబ్బులని పేరు పెట్టుకుంది.

అప్పుడు పైడమ్మకి నొప్పులొచ్చాయి. బంగారంలాంటి తమ్ముడు పుట్టాడు. మంత్రసాని పైడమ్మకి వేలు చూపించి మరీ చెప్పింది. "పచ్చి బాలింతవి. గడప దాటావో, గొంతెత్తి అరిచావో, నేను ఊరుకోను!"

మరి బాతుల్నెవరు పిలవాలి? ఏడుకొండలు పిలిచాడు. ఏడుకొండలు పిలిస్తే, వచ్చే దారిలో ఉన్న బాతులు కూడా వెనక్కి తిరిగి పారిపోయాయి. "నా వల్ల కాదే అమ్మాయ్, నువ్వే పిలవాలి" అన్నాడు తల గోక్కుంటూ.

రత్తాలు సరేనంది. బాతులు వచ్చేది అమ్మ గొంతుకి గదా, అమ్మలాగే పాడదామనుకుంది. గట్టెక్కింది. మునివేళ్ళ మీద లేచింది. మెడ సాచింది. గొంతు పిసుక్కుని సన్నగా "రావే..." అంది. తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది! బాతులు తలలెత్తి చూశాయి. ఎవరో అనుకుని మళ్ళీ నత్తల మీద పడ్డాయి. తండ్రీ కూతుళ్ళు గెడలు పట్టుకుని మొలలోతు నీళ్ళలో చీకటి పడేదాకా వాటి వెంట పడ్డారు. అయినా కొన్ని దొరకలేదు.

మర్నాడు ఏడుకొండలు "పచ్చి బాతుగుడ్డు కొట్టుకుని తాగవే, గొంతు లేస్తుంది" అన్నాడు. లంకలో అందరూ ఆ మాటే అనేవాళ్ళు. పాపం రత్తాలు ముక్కు మూసుకుని మింగింది. గొంతు లేవలేదు గానీ పొట్ట లేచింది. పొద్దుటి నుంచీ చెంబు పట్టుకుని ఒకటే తిరగడం.

సాయంత్రానికి తేరుకుని పక్క గుడిసె నూకాలత్తని తల్చుకుంది. నూకాలత్త కేకేస్తే అవతలి లంకలో కుక్కలు మొరిగేవి. రత్తాలు కూడా నడుం మీద చేతులేసుకుని, గొంతు చించుకుని "రావే!" అని గావుకేక పెట్టింది. బాతులు బెదిరిపోయి రెక్కలు టపటపలాడించుకుంటూ ఇంకా దూరం పోయాయి. ఆ రాత్రి నక్కకి పండగే పండగ.

మూడోనాడు ఏం చేసిందో తెలుసా? పండక్కి లంకకి నాటకాల వాళ్ళొచ్చారు. అందులో రాజు వేషం ఆయన పద్యం పాడి, చివర్న "ఆఆఆ" అని ఊపిరాడనంత సేపు రాగం తీసేవాడు. జనం ఈలలే ఈలలు. ఇదేదో బావుందనుకుంది రత్తాలు. గట్టు మీద నిలబడి, లేని మీసం మెలేసి, "రావే బాతమ్మా... ఆఆఆ..." అని అందుకుంది. నూకాలత్త నవ్వి నవ్వి కూలబడిపోయింది. రాగం మధ్యలో రత్తాలు గొంతు పట్టుకుంది. దగ్గొచ్చింది. దగ్గితే గొంతులో మంట. మర్నాడు లేచి "నాన్నా" అందామంటే గాలి తప్ప మాట రాలేదు.

అప్పుడు ఏడుకొండలుకి దిగులు పట్టుకుంది. "ఇలా రోజుకి నాలుగు పోతే మందేం మిగులుతుంది? కోటయ్య అన్నకి కబురు పెడతాను. వచ్చి తోలుకుపోతాడు" అన్నాడు. కోటయ్యంటే రత్తాలు పెదనాన్న. కొల్లేటికి అవతలి ఒడ్డున ఉంటాడు. మంచివాడే. కానీ ఒకసారి అవతలి ఒడ్డు మరిగాక బాతులు మళ్ళీ ఈ గడప తొక్కుతాయా? తను కూచుని కాపలా కాసిన పిల్లలు కూడా పోతాయి గదా! రత్తాలు ఏడ్చింది. ఏడవడానికి కూడా గొంతు లేదే పిచ్చితల్లికి, కళ్ళనీళ్ళే.

పైడమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "ఇంక ఒక్క మాట మాట్లాడకు. గుసగుసలు కూడా వద్దు, వాటితో గొంతు ఇంకా అలిసిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ తమ్ముడి దగ్గర కూచో" అంది.

రత్తాలు కూచుంది. మాట లేదు, పాట లేదు. వేణ్ణీళ్ళు తాగడం, తమ్ముణ్ణి చూడటం. సాయంత్రాలు ఏడుకొండలే గెడ పట్టుకుని, దొరికిన బాతుల్ని దొరికినట్టు తోలుకొచ్చేవాడు. తమ్ముడికి ఒకటే పని, ఏడవడం. పొద్దున ఏడుపు, మధ్యాన్నం ఏడుపు, దీపాలు పెట్టాక ఏడుపు. లంకంతా వినపడేలా ఏడ్చేవాడు. రత్తాలుకి ఆశ్చర్యం వేసింది. నేను మూడు పూటలు అరిస్తే గొంతు పోయిందే, ఈ గుప్పెడు పిల్లాడికి ఎందుకు పోదూ?

వంగి చూసింది. వాడి మెడ మెత్తగా ఉంది. నరాలు బిగుసుకోలేదు. పొట్ట మాత్రం ఉబ్బుతోంది, తగ్గుతోంది. చెయ్యి వేసి చూసింది. ఏడుపంతా ఆ బొజ్జలోంచే వస్తోంది! తన పొట్ట మీద చెయ్యేసుకుంది. మెల్లిగా ఊపిరి పీల్చింది. పొట్ట ఉబ్బింది. మెల్లిగా వదిలింది. తగ్గింది. పైడమ్మ మంచం మీంచి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది.

అలా కొన్నాళ్ళకి గొంతులో మంట తగ్గింది. మాట కూడా వచ్చింది. ఒక మధ్యాన్నం తమ్ముడు ఎంతకీ ఊరుకోలేదు. రత్తాలు వాణ్ణి ఒళ్ళో వేసుకుని, కోడిపెట్ట దగ్గర కూచున్నట్టే కూచుని, నోరు మూసుకుని "ఊఁ... ఊఁ..." అని పాట తీసింది. ఎవరి గొంతునీ తెచ్చిపెట్టుకోలేదు. వాడు టక్కున ఏడుపాపాడు.

అప్పుడు ఏమైందో తెలుసా? తడిక సందులోంచి ఒక ముక్కు వచ్చింది. ముక్కు వెనక మెడ. మెడ వెనక... సుబ్బులు! వంకర కాలేసుకుని, తడిక తోసుకుని, రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి రత్తాలు కాళ్ళ దగ్గర కూలబడింది.

పైడమ్మ పకపకా నవ్వింది. "బాలింత గుడిసెలోకి బాతుని పిలిచావటే!"

"నేనెక్కడ పిలిచానమ్మా? తమ్ముణ్ణి జోకొడుతున్నాను."

"పిచ్చిమొహమా, అది గుడ్డులో ఉన్నప్పట్నుంచీ విన్న గొంతు అదే గదటే! ఇన్నాళ్ళూ నా గొంతొకటి, నూకాలు గొంతొకటి, ఆ మీసాలాయన గొంతొకటి అరువు తెచ్చుకున్నావు. నీ గొంతుతో వాటిని ఒక్కసారైనా పిలిచావా?"

రత్తాలు ఒక్కొక్క సాయంత్రాన్నీ గుర్తు చేసుకుంది. లేదు. ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆ సాయంత్రమే కోటయ్య పెదనాన్న దోనెలేసుకుని వచ్చేశాడు. వెంట మనుషులు, గంపలు, వలలు. మందని చుట్టేసి పట్టుకుందామని అందరూ నీళ్ళలోకి దిగబోతున్నారు. రత్తాలు పరుగున పోయి గట్టు మీద అడ్డం నిలబడింది.

"పెదనాన్నా, ఒక్కసారి నన్ను పిలవనీ. రాకపోతే తోలుకుపో."

లంకలో వాళ్ళంతా చేరారు. పిల్లలు మోచేతుల్తో పొడుచుకుంటున్నారు. అంతమందిని చూసేసరికి రత్తాలుకి భయం వేసింది. భయంలో పాత అలవాటే వచ్చింది. మెడ సాగింది, మడమలు లేచాయి, "రా..." అని కీచుమంది. పిల్లలు గొల్లుమన్నారు. పెదనాన్న జాలిగా తలాడించి నీళ్ళలో కాలు పెట్టాడు.

అప్పుడు రత్తాలు కళ్ళు మూసుకుంది. మడమలు నేలకి దించింది. భుజాలు వదిలేసింది. తమ్ముడి బొజ్జ గుర్తు తెచ్చుకుని తన పొట్ట మీద చెయ్యేసుకుంది. నిండా ఊపిరి తీసుకుని పాడింది.

రావే బాతమ్మా రావే
రాతిరవుతోంది రావే

లావుగా వచ్చింది. కుండలోంచి వచ్చినట్టే వచ్చింది. కానీ ఎంత నిండుగా వచ్చిందే తల్లీ! నీళ్ళ మీద పరుచుకుంటూ దూరాన చేలల దాకా పోయింది. పిల్లల నవ్వులు ఆగిపోయాయి.

నీళ్ళ మీద ఏమీ కదల్లేదు. రత్తాలు రెండోసారి పాడింది. గొంతులో మంట లేదు, నొప్పి లేదు, హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే, బాతులు వస్తాయో రావో కూడా మర్చిపోయి మూడోసారి అందుకుంది.

"అదుగో!" అని అరిచింది నూకాలత్త.

చేల్లోంచి కుర్రబాతులు బయటపడ్డాయి. కోడిపెట్ట కింద పుట్టినవే, అవే! మెడలు సాచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈదుకొస్తున్నాయి. వాటిని చూసి ముసలి బాతులు కూడా కదిలాయి. బాతు సంగతి తెలుసుగా, ముందుది ఎటెళితే వెనకది అటే. బారు బారంతా బకబకమంటూ వచ్చి, గట్టెక్కి, రత్తాలు కాళ్ళ సందుల్లోంచి దూరి దడిలోకి పోయాయి. అన్నిటికంటే వెనక, ఇంటి దగ్గరే ఉన్న సుబ్బులు కూడా వచ్చి చేరి, మందనంతా తనే తోలుకొచ్చినట్టు టెక్కుగా నడుచుకుంటూ పోయింది.

కోటయ్య పెదనాన్న పెద్దగా నవ్వాడు. "ఒరే ఏడుకొండలూ, బాతుల్ని తోలుకుపోదామని వచ్చాను. ఈ పిల్లనే తోలుకుపోవాలనిపిస్తోందిరా!" అని రత్తాలుని భుజానికెత్తుకున్నాడు. నూకాలత్త పెట్టిన చేపల పులుసు తిని, ఖాళీ దోనెల్తో పాటలు పాడుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బాలింతతనం తీరింది. పైడమ్మ తమ్ముణ్ణెత్తుకుని మొదటిసారి గట్టు మీదికి వచ్చింది. పొద్దుగూకుతోంది. రత్తాలు పక్కకి తప్పుకుని "నువ్వు పిలువమ్మా" అంది. పైడమ్మ పాడబోయి, ఆగి, అక్కడే గట్టు మీద కూచుంది.

"నువ్వే పిలువు. ఇన్నాళ్ళూ గుడిసెలోంచి విన్నాను. ఇవాళ దగ్గర కూచుని వింటాను" అంది.

రత్తాలు పాడింది. ఆనందం పట్టలేక రెండో వరసకి పైడమ్మ కూడా కలిసింది. సన్నగొంతు పైన, కుండ గొంతు కింద, రెండూ కలిసి పోతుంటే లంకలో వాళ్ళు వంటలు వదిలేసి వచ్చి విన్నారు. ఇప్పుడు కూడా పిల్లలు దాన్ని "కుండ గొంతు రత్తాలూ" అనే పిలుస్తారు. "కుండ గొంతు రత్తాలూ, మా బాతులు కూడా రావట్లేదే, కాస్త వచ్చి పిలవ్వే!" అని బతిమాలుకుంటారు. ఆ పేరు వింటే రత్తాలు ఇప్పుడు ఏడవదు, "ఆఁ, వస్తున్నా" అంటుంది.

ఏమే, ఊఁ కొట్టవేం? ఆహా... బొజ్జ పైకీ కిందికీ ఆడుతోంది. నిద్రపోయింది బంగారుతల్లి.

బాతులన్నీ దడిలోకి
బంగారేమో ఒడిలోకి
కంచికి కథ కదిలింది
కంటికి నిద్దర కుదిరింది.