మడ్డి ఎవరి ఖాతా?

వాగుకి ఎగువన నక్క నాగభూషణం పెత్తనం, దిగువన గేదె గంగులమ్మది. ఎగువపేటలో చెరకు గానుగలు, బెల్లం పొయ్యిలు. దిగువపేటలో జొన్నచేలు, కూరపాదులు, కాస్త పాడి. ఏటా సింహం దొరవారు రెండు పేటల దిగుబడీ తూయించి, ఎక్కువ పండించిన పేటకే వేసవంతా కొండ ఊట నీళ్లు వదిలేవారు. ఏటా నీళ్లు నక్కకే, శాలువా కూడా నక్కకే.

బెల్లం వండగా మిగిలిన నల్లటి మడ్డిని నక్క వాగులోకి వదిలేసేవాడు. చేపలు చచ్చి తేలాయి. ఆ నీళ్లు తాగి గంగులమ్మ దూడ జబ్బుపడి లేవలేకపోయింది. ఆమె కొలువుకెళ్లి మొరపెట్టుకుంటే, "అభివృద్ధి అన్నాక కాస్త వాసన ఉంటుందమ్మా" అని పంపేశారు.

కొన్నాళ్లకు ఆ వాగు నీళ్లే తాగి దొరవారికీ ఓ పూట కడుపునొప్పి వచ్చింది. మర్నాటికల్లా పద్ధతి మారిపోయింది.

"ఇకమీదట పండించిందొక్కటే కాదు, పాడుచేసిందీ తూచాలి. అది తీసేయగా మిగిలిందే అసలు దిగుబడి" అని చాటింపు వేయించి, తూకానికి ఏనుగు దంతయ్యను నియమించారు.

నాగభూషణం కంగారుపడలేదు. తన కూలీ పందుల్ని పిలిచి, "అబ్బాయిలూ, మన మడ్డంతా గట్టు అవతల పోసి రండి. ఇక్కడ మరక కూడా కనపడకూడదు" అన్నాడు.

దంతయ్య వచ్చేసరికి ఎగువపేట అద్దంలా మెరుస్తోంది. పొయ్యిల చుట్టూ ముగ్గులు కూడా వేయించాడు నక్క.

"ఇంత దిగుబడి ఎలా వచ్చిందయ్యా?"

"అంతా బుర్ర అయ్యగారూ! బుర్ర, క్రమశిక్షణ, కొత్త పద్ధతులు. ఇక చెట్టూ చేమా అంటే నాకు ప్రాణం."

దిగువపేటకి వెళ్తే గట్టు పక్కనే కంపు కొడుతూ మడ్డి గుట్ట. గంగులమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయ్యా, ఇది మాది కాదు. మాకసలు గానుగే లేదు" అంది.

"ఎవరూ నాదని ఒప్పుకోకపోతే, ఎవరి నేల మీదుంటే వాళ్ల ఖాతాయే తల్లీ. నిబంధన" అన్నాడు దంతయ్య, కాస్త ఇబ్బందిగానే.

తన పందులతో వెంటే వచ్చిన నక్క మీసాలు సవరించుకున్నాడు.

గంగులమ్మ కొట్టంలోనే ఉండే ముసలి మేక పోలమ్మ ముందుకొచ్చింది. "ఏడవకే పిల్లా, పక్కకి జరుగు" అని గేదెను నెట్టి, గుట్ట ముందు నిలబడింది.

"అయ్యా, మాదేనని రాసుకోండి. ఎండబెట్టి చల్లితే చేనుకి ఎంత బలమో! కాకపోతే దీన్ని పాడు కింద కాదు, పంట కింద తూయాలి మరి. ఇంత సరుకు ఎవరి ఖాతాలో పడితే నీళ్లు వాళ్లవేగా?"

దంతయ్య చెవులు ఆడించాడు. ఆయన ఏదో అనబోయేలోపే నక్క ఒక్క గెంతులో గుట్టెక్కాడు.

"ఆగండి! ఇది నా సరుకు! మా గానుగ మడ్డి! నా పందులే మోశాయి, అడగండి!"

"అవునండయ్యా, మా నడుములు పడిపోయాయి" అన్నాయి పందులు గర్వంగా. "ఇన్నేళ్లూ వాగులో కలిపింది దీనికి పదింతలుంటుంది!"

"విన్నారుగా! అదీ నాదే! అదీ రాసుకోండి!"

"సరే" అన్నాడు దంతయ్య. "సొంతదారు దొరికాడు. మొత్తం నాగభూషణం ఖాతా. పాడు కింద."

నక్క ముఖం పాలిపోయింది. "అదేంటండీ! ఎరువని మేక చెప్పిందిగా?"

"ఎండబెట్టి చల్లితే అన్నాను నాయనా" అంది పోలమ్మ. "నువ్వెప్పుడైనా చల్లావా?"

దంతయ్య త్రాసులో బెల్లం ఒకవైపు, మడ్డి ఒకవైపు పెట్టించాడు. మడ్డి తట్ట ధడాలున నేలకి తగిలింది.

"నీ దిగుబడికి కారణం బుర్ర కాదయ్యా" అన్నాడు. "లాభం నువ్వు తిన్నావు, నష్టం ఆ వాగూ, ఆ దూడా మోశాయి. అంతే."

ఆ వేసవి ఊట నీళ్లు దిగువపేటకి మళ్లాయి. పడిపోయిన నడుములతో మళ్లీ మోయలేమని పందులు మొండికేశాయి. నాగభూషణం శాలువా నడుముకి బిగించి, తట్ట నెత్తినెట్టుకుని, మడ్డంతా తనే వెనక్కి మోసుకున్నాడు. ఎండలో దాహమేసి గంగులమ్మ గట్టు దగ్గర ఆగి, కాసిని నీళ్లిమ్మని అడగాల్సొచ్చింది.

నీతి: పక్కవాడి నేల మీద పోసినంత మాత్రాన మన చెత్త మనది కాకుండా పోదు.