రాజుగారిని కరిచిన ఉయ్యాల

అనగనగా, అడవి మాట్లాడితే మనుషులకి వినబడే రోజుల్లో, కలువకొండ రాజ్యంలో సోమాచారి అనే వడ్రంగి ఉండేవాడు. అతని పనిసాల చిన్నది. పీటయినా, పెట్టెయినా ఎవరికి ఎలా కావాలంటే అలా చేసిచ్చేవాడు. ఒక్కటే చాదస్తం. గొడ్డలి వేసే ముందు చెట్టుని మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాడు. ఉన్నామంటే వెనక్కి వచ్చేసేవాడు.

"ఇక పొయ్యిని కూడా అడుగు, అన్నం ఉడికిస్తావా తల్లీ అని!" అనేది భార్య మాణిక్యం.

ఆ యేడు రాజుగారి మనసు ఉయ్యాల మీద పడింది. సోమాచారినీ, పక్కవీధి వడ్రంగి గజాచారినీ పిలిపించాడు.

"వసంతోత్సవానికి చెరో ఉయ్యాల తెండి. ఎవరిది నచ్చితే వాడు ఆస్థాన వడ్రంగి. రెండోవాడి సాలలో మా గుర్రాల గడ్డి వేయిస్తాం."

గజాచారి అటునుంచి అటే అడవికి పోయి, పక్షులతో నిండుగా ఉన్న పచ్చని టేకుని ఒక్క ఊపున కూల్చాడు. గూళ్ళు గాలిలో చెదిరిపోయాయి. అతను తలెత్తి చూడలేదు.

సోమాచారి ఇంకో టేకుని తట్టాడు. ఉడుత తల బయటపెట్టింది. "మా ఇంట్లో పచ్చి బాలింత ఉంది. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటావా, నాయనా?"

"అయ్యయ్యో, వద్దమ్మా!"

మద్దిచెట్టుని తట్టాడు. చిలక గుసగుసగా అంది: "మా అత్తగారు వచ్చింది. ఆవిణ్ణి కదిలించడం నీ వల్ల అయితే కానీ!"

సోమాచారి దణ్ణం పెట్టి తప్పుకున్నాడు.

వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళూ ఆశా రెండూ అరిగిపోయాయి. పైనుంచి వడ్రంగిపిట్ట పలకరించింది.

"ఏం బావా, మొహం వేలాడేశావ్?"

"నేను నీకు బావనెప్పుడయ్యాను?"

"నువ్వు వడ్రంగివి, నేను వడ్రంగిపిట్టని. చుట్టాలం కాక మరేమిటి? విను. నిరుడు గాలివానకి ఏటి ఒడ్డున ఒక టేకు కూలింది. పొడిచి పొడిచి చూశాను, కంచుగంటలా మోగుతుంది. ఒక్క పురుగు లేదు. నాకు పస్తు, నీకు పండగ!"

సోమాచారి వెళ్ళి ఆ మానునీ తట్టాడు. ఎవరూ పలకలేదు. అయినా కాసేపు ఆగి, అప్పుడు రంపం తీశాడు.

వసంతోత్సవం వచ్చింది. పొద్దుటినుంచి రెండు ఉయ్యాలలూ ఎండలో వేలాడుతున్నాయి. గజాచారిది కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. సోమాచారిది చూసి రాజుగారు పెదవి విరిచాడు. "ఇదేమిటయ్యా, బూడిద పూసుకున్న సన్యాసిలా ఉంది! గడ్డిబండ్లు పంపించండి వీడి సాలకి."

అక్కడ సాల దగ్గర బండ్లకి ఎదురుగా మాణిక్యం చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇక్కడ సోమాచారి ఉలీ సుత్తీ సంచిలో సర్దుకోసాగాడు.

రాజుగారు మెరిసే ఉయ్యాల ఎక్కాడు. మొదటి ఊపుకి బల్ల కిర్రుమంది. రెండో ఊపుకి టప్పుమంది. పచ్చికర్ర కదా, ఎండకి నిలువునా బీటేసింది! మూడో ఊపులో ఆ బీట ముందుకి పోతూ తెరుచుకుంది, వెనక్కి వస్తూ మూసుకుంది. నడుమ రాజుగారి వెనకభాగం ఉంది.

"కరిచింది! కరిచింది!"

"కుక్కా ప్రభూ? పామా ప్రభూ?" అంటూ మంత్రి కిందంతా వెతికాడు.

"బల్లయ్యా! బల్ల!"

రాజుగారు లేస్తే ఉయ్యాల కూడా లేచింది. గజాచారి స్తంభం చాటుకి జారుకున్నాడు. సోమాచారి ఉలి తీసుకుని పరుగెత్తాడు. అలవాటు ఊరుకుంటుందా? బల్లని మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"నేనేరా!" అని గర్జించాడు రాజుగారు.

రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విడిపించాక, రాజుగారు భయంభయంగా సన్యాసి ఉయ్యాల మీద కూర్చున్నాడు. అది చప్పుడు లేకుండా, ఏటి మీద వెన్నెలలా ఊగింది.

"ఏం కర్రయ్యా ఇది?"

"ఎవరి ఇల్లూ కాని కర్ర ప్రభూ. ఎండాల్సిందంతా ఎండి, వంగాల్సిందంతా వంగి, స్థిమితపడిపోయింది."

రాజుగారు సోమాచారినే ఆస్థాన వడ్రంగిని చేశాడు. గడ్డిబండ్లు గజాచారి సాల వైపు మళ్ళబోతే సోమాచారే అడ్డుపడ్డాడు. "గడ్డి వద్దు ప్రభూ. గూళ్ళు పోయిన పక్షులకి చెక్కగూళ్ళు చేయమనండి. టేకు మొక్కలు నాటమనండి."

గజాచారి మూలుగుతూనే చేశాడు. ప్రతి గూడునీ వడ్రంగిపిట్ట పొడిచి చూసి, బాగుంటేనే తలూపేది. ఆ రోజు నుంచి మాణిక్యం కూడా పొయ్యి వెలిగించే ముందు కట్టెల్ని మూడుసార్లు తట్టడం మొదలుపెట్టింది.

నీతి: అడగకుండా, ఆగకుండా నరికి తెచ్చింది ఎంత మెరిసినా బీటలిస్తుంది, పది ప్రాణాల మేలు చూసి చేసిన పనే పది కాలాలు నిలుస్తుంది.