వరాలమ్మకు వచ్చిన జలుబు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. ఇంక చూడండి పిల్లలూ, వేట లేదు, మేత లేదు, పొద్దస్తమానం బంతి గొడవే.

అక్కడ ఇప్పచెట్లు ఎక్కువ. రెండు ఇప్పపూలు నమిలితే కాళ్ళకు అలుపు తెలియదు. పది నమిలితే గోల్ ఎటుందో తెలియదు. అందుకని పెద్దలు ఒక రూలు పెట్టారు. ఇప్పపూలు తిని వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, మూడు ఆటలు గట్టు మీద కూర్చోవాలి. నోరు వాసన చూసే పని అడవిపంది వరాలమ్మకు అప్పగించారు. ఆవిడ ముక్కంటే అందరికీ గురి. ఆ గురంటే వరాలమ్మకు ప్రాణం.

మొదటి ఆటకే కుందేలు చెంచయ్య దొరికాడు.

"దగ్గొస్తోందని మా అమ్మమ్మ కషాయం తాగించింది అత్తా. అందులో ఏం వేసిందో నాకు తెలీదు," అన్నాడు.

"నోట్లోకి ఏం పోతోందో చూసుకోవాల్సింది నువ్వే నాయనా. మూడు ఆటలు," అంది వరాలమ్మ.

వెనకే నక్క. "ఆవులిస్తుంటే పువ్వు నోట్లో రాలింది," అంది.

"ఆవులింత నీదే కదా. మూడు ఆటలు."

రెండో ఆటకు ఎలుగుబంటి బంగారయ్య వచ్చాడు. జట్టులో గోల్స్ కొట్టేది ఆయనొక్కడే. నోరు తెరవగానే వాసన గుప్పుమంది.

"తేనె తాగానమ్మా. ఆ తేనెటీగలు ఏ పువ్వు మీద వాలాయో నేనేం చూశాను?" అన్నాడు.

ఇంతలో జట్టు పెద్ద, ఏనుగు దొరబాబు, వరాలమ్మను పక్కకు పిలిచాడు. "నీకు ఇవాళ జలుబు చేసినట్టుందే. బంగారయ్య లేక ఓడిపోతే అందరూ నిన్నే తిడతారు," అన్నాడు.

వరాలమ్మ భయపడింది. ఒకసారి గట్టిగా చీదింది. "అవునండీ, జలుబే. ఏ వాసనా తెలియడం లేదు," అంది.

బంగారయ్య మూడు గోల్స్ కొట్టాడు. అడవంతా చిందులేసింది. వరాలమ్మకు మాత్రం ఆ పూట దుంపలు సహించలేదు.

మూడో ఆట కొండమేకలతో. వరుసలో అందరి నోళ్ళూ ఇప్పవాసనే. "జలుబు తగ్గలేదుగా పిన్నీ?" అని కోతి కన్నుగీటింది. ఏం చెబుతుంది పాపం? అందరినీ వదిలేసింది.

ఇంక ఆట చూడాలి. కోతి బంతిని వదిలేసి రెఫరీ కొంగ వెంట పడింది. అడవిదున్న సొంత గోల్‌లోనే బంతి వేసి, దండ వేయమని మెడ వంచింది. బంగారయ్య గోల్ స్తంభాన్ని కావలించుకుని గుర్రుపెట్టాడు. మేకలు తీరిగ్గా నెమరేసుకుంటూ తొమ్మిది గోల్స్ కొట్టాయి.

ఆట అయ్యాక చెంచయ్య గట్టు దిగి వచ్చాడు.

"అత్తా, నా నోరు చూసిన రోజున నీకు జలుబు ఎందుకు రాలేదు?" అన్నాడు మెల్లిగా.

వరాలమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. కాసేపటికి మైదానం మధ్యకు వెళ్ళి నిలబడింది.

"నాకు జలుబు లేదు. ఆ రోజూ లేదు. బంగారయ్యకు మూడు ఆటలు. ఇవాళ తిన్నవాళ్ళందరికీ మూడు. అబద్ధమాడినందుకు నాకు మూడు. ఆ జలుబు అంటించిన దొరబాబు గారికీ మూడు."

"మరి ఆడేదెవరు?" అన్నాడు దొరబాబు.

"చెంచయ్యా, నక్కా."

ఆ ఇద్దరే తరువాతి ఆటకు దిగారు. ఇరవై గోల్స్ తిన్నారు. ఒక్కటి కొట్టారు, చెంచయ్య కొట్టాడు. ఆ ఒక్క గోల్‌కు మాత్రం అడవిలో ఎవరూ వంక పెట్టలేకపోయారు.

నీతి: చిన్నవాడికి బిగించిన రూలును పెద్దవాడికి సడలిస్తే, అది ఇంక ఎవరికీ రూలు కాదు.