బూడిదతో గీసిన మడులు

లోవయ్య గురువుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కండువా భుజాన వేసుకుని, "పద, మీ ఇంటికి పోదాం" అని లేచేవారు. అందుకని చాలామంది ఆయనను అడగడమే మానుకున్నారు. ఇల్లు చూపించుకోవడం అందరికీ ఇష్టం ఉండదు కదా.

పుష్యమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా విడకముందే, పైడయ్య ఆయన మఠానికి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. శారదా నది ఒడ్డున చిన్న కూరగాయల తోట అతనిది. భార్య నూకాలు కార్తీకం నుంచి మంచం దిగలేదు. కడుపులో ఉన్న పుండుకు ఇక మందు లేదని వైద్యుడు అతనికి చాటుగా చెప్పేశాడు.

"గురువుగారూ, అది నాతో మాటాడ్డం మానేసింది. గోడవైపు తిరిగి పడుకుంటోంది. పుట్టి బుద్ధెరిగి ఎవరి మాటా విననివాణ్ణి, ఇప్పుడు అది ఏటంటే అదే సరే అంటున్నాను. ఇంకేటి చెయ్యాలి?"

గురువుగారు కండువా తీసుకున్నారు.

పెరట్లో ఎండపొడ పడేచోట, గోడవారగా వేసిన నులకమంచం మీద నూకాలు అటు తిరిగి పడుకుని ఉంది. గురువుగారు ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. పొయ్యిలో బూడిద తెమ్మన్నారు.

ఆ వైపు తోటలవాళ్ళు మాఘంలో విత్తే పంటల సంగతి చలికాలంలోనే తేల్చుకుంటారు. బూడిదతో పెరట్లో చేను బొమ్మ గీసి, ఏ మడిలో ఏది వెయ్యాలో ఆ గింజలే అందులో పెట్టి చూసుకుంటారు. పైడయ్య ఇంట్లో అది ఏటా పెద్ద తగువు. అతను పెట్టిన గింజ ఆమె తీసేది, ఆమె పెట్టింది అతను తీసేవాడు. అది వినడానికి పక్కింటి ఆడవాళ్ళు, చెరగడానికి ఏమీ లేకపోయినా, చేటలు పట్టుకుని వచ్చి కూచునేవారు. ఈ ఏడు మాఘం దగ్గరపడుతున్నా పెరట్లో ఒక్క గీత పడలేదు.

గురువుగారు వంకరటింకరగా మడులు గీశారు. విత్తనాలు దాచే ఆనపబుర్రలోంచి వంగ గింజలు తీసి, నూతి పక్క మడిలో పోశారు.

"ఇక్కడ వంగ" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

మంచం మీద దుప్పటి కదిలింది. "పోయినేడు అక్కడే వంగ వేసి, వేళ్ళు కుళ్ళి పోగొట్టుకున్నాం. మళ్ళీ అక్కడే ఎవరేనా వేస్తారా?" గొంతు సన్నబడింది గాని విసురు పాతదే.

"మా మఠంలో ఏటా ఒకచోటే వేస్తానమ్మా."

"అందుకే మీ మఠం పులుసులో వంకాయ ఎవరికీ దొరకదు."

పైడయ్య ఆమెను లేపి, వీపు వెనక దిండు పెట్టాడు. ఆమె వేలితో చూపిస్తుంటే గురువుగారు గింజలు సర్దారు. దక్షిణాన బెండ, దడి పక్కన కాకర పందిరి, నూతి దగ్గర దోస. ఆమె పైడయ్య వైపు తిరిగింది.

"అరటి పిలకలు ఎగువ మడిలో" అంది.

ఎండాకాలం ఎగువ మడికి నీళ్ళెక్కవని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

"నీ ఇష్టమే. అక్కడే పెడదాం" అన్నాడు పైడయ్య.

సంతలో కొత్త కుండకు పగులుందేమోనని చూసినట్టు ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి దుప్పట్లోకి తీసుకుని గోడవైపు తిరిగింది. గురువుగారు తల ఎత్తకుండా వేళ్ళకంటిన బూడిద దులుపుకుంటున్నారు. ఎగువ మడి పేరు పెట్టి ఆమె ఏమడిగిందో, తగువాడకుండా సరేనని తను ఏం జవాబు చెప్పాడో, పైడయ్యకు అప్పుడు తెలిసింది.

"నీకు మతిపోయిందేటే" అన్నాడు. "ఎగువకి నీళ్ళెక్కుతాయా? నీళ్ళు నువ్వు మోస్తావా?"

ఆ మాట నోరు జారాక వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆమె ఇటు తిరిగింది. "నేను మొయ్యను. నువ్వొక్కడివే మొయ్యాలి. మరి ఎక్కడ పెడతావో చెప్పు మావా."

ఎండ పెరడు దాటిపోయేదాకా ఇద్దరూ తగువులాడుకున్నారు. బాట పక్కన జామ మొక్క వెయ్యమంది. నీడ మిరప మీద పడుతుందన్నాడు. కాయ పడితే తింటావు గాని నీడ పడితే ఏడుస్తావా అంది. అలసిపోయి మధ్యలో కళ్ళు మూసుకునేది, తెరవగానే ఆపినచోటే అందుకునేది.

గురువుగారిని సాగనంపడానికి దడి దాకా వచ్చిన పైడయ్య అక్కడ కూలబడ్డాడు.

"ఆ జామ కాపుకొచ్చేనాటికి..." అన్నాడు. "తెలిసి తెలిసి దాంతో ఎలా తగువాడేది గురువుగారూ?"

పెరట్లోంచి సన్నగా, కోపంగా కేక వచ్చింది. "ఏం మావా, గుమ్మడి ఎవరొచ్చి పెడతారు?"

గురువుగారు కండువా భుజాన సర్దుకున్నారు.

"వెళ్ళవయ్యా" అన్నారు. "ఇంకా పిలుస్తోంది."