పది వరహాల ఆజ్ఞ

చాలా కాలం కిందట, బళ్ల వ్యాపారం మీదే బతికే కుందవరం రాజ్యాన్ని రణభీమ భూపాలుడు ఏలేవాడు. తన నోట వెలువడిన మాట ఎంతటివాడైనా చెవులు రిక్కించి వినవలసిందేనని ఆయన నమ్మకం.

ఒక్కో బండి ఇరుసు ఒక్కో పొడవుండటంతో చక్రాల గాడులు కలవక దారులన్నీ పాడైపోయేవి. అందుకని రాజుగారు ఆస్థాన పండితుడు వాచస్పతి శాస్త్రికి పని అప్పగించారు. ఆయన మరో ఆరుగురితో కూర్చుని మూడేళ్లు శ్రమించి ‘శకట ప్రమాణం’ అనే గ్రంథం రాశాడు. బళ్లన్నీ ఆ కొలతలకే ఉండాలని శాసనమైంది. గ్రంథం మాత్రం కచేరీలో చందనపు పెట్టెలో ఉండేది. తెరిచి చూడాలంటే ఇరవై వరహాలు. ఎత్తి రాసుకుంటే శిక్ష.

ఒకనాటి ఉదయం వడ్రంగి నూకాచారి, చాటింపుల అధికారి సింగరయ్య ఇంటికి వచ్చాడు.

"అయ్యా, నా బండి ఇరుసు రెండు వేళ్లు ఎక్కువుందని కచేరీ భటులు ఉలీ బాడిశా పట్టుకుపోయారు. ఎంతుండాలి బాబూ అంటే పుస్తకం చూసుకోమన్నారు. బండి మొత్తం అమ్మినా నాకు ఐదు వరహాలు రావు. పది రోజులుగా ఇంట్లో ఒక్క పూటే పొయ్యి వెలుగుతోంది."

సింగరయ్యకు మనసు చివుక్కుమంది. నేరుగా సభకు వెళ్లి విన్నవించాడు.

శాస్త్రి మండిపడ్డాడు. "ఊరికే చూపిస్తే శాస్త్రానికి విలువేముంది? మేం ఏడుగురం ఏం తిని బతకాలి?"

"సబబే" అన్నారు రాజుగారు.

"అంటే ప్రభూ, ఆజ్ఞ పాటించేవాడే దాని వెల కూడా కట్టాలన్నమాట."

"అంతే."

"చిత్తం" అని సింగరయ్య వచ్చేశాడు.

వారం తిరక్కుండా పొరుగు రాజు విచ్చేస్తున్నట్టు కబురొచ్చింది. ప్రజలంతా పూలతో కోటగుమ్మం దగ్గర ఎదురు రావాలని చాటించమన్నారు రాజుగారు. ఆ సాయంత్రమే పేటపేటకూ డప్పు మోగింది.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, రాజుగారు ఒక ఆజ్ఞ జారీ చేశారహో! అందరూ తప్పక పాటించాలహో! అదేమిటో తెలుసుకోగోరేవారు కచేరీలో పది వరహాలు కట్టి చదువుకోవచ్చునహో!"

మర్నాడు రాజులిద్దరూ ఏనుగు మీద కోటగుమ్మం చేరేసరికి అక్కడ ఒక గాజుల వర్తకుడు, అతని గాడిద మాత్రమే ఉన్నారు. ఆ వర్తకుడు కూడా దారి తప్పి వచ్చినవాడే.

"మీ రాజ్యంలో జనాభా తక్కువనుకుంటాను" అన్నాడు అతిథి మర్యాదగా.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. అప్పటికప్పుడు సభ తీర్చి సింగరయ్యను నిలదీశారు.

"చాటింపు వేయించాను ప్రభూ. ఆజ్ఞ పెట్టెలో భద్రంగా ఉంది. ఇద్దరు వచ్చి వెల అడిగి వెళ్లిపోయారు."

రాజుగారు శాస్త్రి వైపు తిరిగారు. "మీరెందుకు రాలేదు?"

శాస్త్రి ఉత్తరీయం సవరించుకున్నాడు. "పది వరహాలంటే... కాస్త ఎక్కువనిపించింది ప్రభూ."

ముందు అతిథి నవ్వాడు. ఆ తర్వాత రాజుగారూ ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మరి పండితులు ఏం తినాలయ్యా?" అని అడిగారు.

"డప్పు కొట్టేవాడికి జీతం ఎవరిస్తున్నారు ప్రభూ?"

"ఖజానా."

"విన్నవాళ్ల దగ్గర వసూలు చేయడం లేదు కదా! దారులు బాగుంటే బళ్లు పెరుగుతాయి, సుంకమూ పెరుగుతుంది. పండితుల భృతి అందులోంచే ఇప్పించండి."

రాజుగారు తన భుజం మీది శాలువా తీసి సింగరయ్యకు కప్పారు. నూకాచారి పనిముట్లు ఆ పూటే ఇల్లు చేరాయి. గ్రంథమంతా ప్రతి సుంకపు గుమ్మం దగ్గరా రాతిపలకల మీద చెక్కించారు.

పలకలు నిలిపిన మూడోనాడు నూకాచారి సభకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయితే మన్నించండి. ఎనిమిదో వరుసలో ఇరుసు లావు ఆరు వేళ్లనీ, అది దూరే రంధ్రం ఐదు వేళ్లనీ ఉంది. ఎలా దూర్చాలో సెలవిస్తారా?"

వాచస్పతి శాస్త్రి గ్రంథం తెరిచి చూసుకుని, ఆ వరుస దిద్దడానికి శిల్పిని పిలిపించమన్నాడు.