మద్దిలేటి పొడిచెయ్యి

ఊళ్ళోకి ఎర్ర బంతి వచ్చాక, కరెంటు రాకముందు, ఆ రెండింటికీ నడుమ ఎప్పుడో జరిగిన కథ ఇది. చూసినవాళ్ళు ఇప్పుడు లేరు. విన్నవాళ్ళు ఉన్నారు. కుదురుగా కూర్చున్నవాళ్ళకే దీన్ని చెప్పాలని పెద్దల మాట.

కొండకు ఈ పక్క తెల్లబండ అనే ఊరు. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు. బట్టీల పొగ మెల్లగా లేచి, ఇళ్ళ మీద వాలి, మనుషుల కనురెప్పల మీద కూడా నిలిచేది. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఆ ఊరు నేల మీద కాక మబ్బులో ఉన్నట్టు కనబడేది. కొండకు ఆ పక్క ఏటిపాలెం. వాళ్ళకు ఏరుంది, మళ్ళున్నాయి. కానీ మేకలకు రెండు ఊళ్ళకూ కలిపి ఒక్కటే మేత. అది కొండవాలు.

ఆ వాలు కోసం రెండు ఊళ్ళూ కర్రలతో కొట్టుకున్నాయి. తలలు పగిలాయి. పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. ఏటా ఎండాకాలంలో ఒకరోజు క్రికెట్ ఆడాలి. గెలిచిన ఊరి మేకలు మళ్ళీ ఎండాకాలం దాకా వాలు మేస్తాయి. ఓడిన ఊరి మేకలు తుమ్మకాయలు ఏరుకుంటాయి. ఆటలో మోసం చేసిన ఊరు ఓడినట్టే లెక్క.

తెల్లబండలో ఉరుకుందు అనే మేకల కాపరి ఉండేవాడు. మేకల వెంట పరుగెత్తి పరుగెత్తి వాడి కాళ్ళకు గాలి వేగం పట్టింది. బంతి వేయడంలో వాడంత వేగం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. వేగం ఉంది, ఓర్పు లేదు. రెండేళ్ళు వరసగా ఊరు ఓడింది. ఉరుకుందు మందలో ఈనిన మేకలకు పాలు లేవు. పిల్లలు తల్లి పొదుగును తలతో పొడిచి పొడిచి అలిసి పడుకునేవి. మూడో ఏడు కూడా ఓడితే మందను కటికవాడికి తోలడమే. ఆ సంగతి వాడికి తెలుసు. వాడి ఇంట్లో వాళ్ళకు తెలుసు. మేకలకు తెలియదు. అదే వాడికి బాధ.

అదే ఊళ్ళో మద్దిలేటి అనే సున్నం కాల్చేవాడు ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ సున్నంలో పెట్టిన చేతులు. ఎండి, బీటలు వారి, ఎంత ఎండలోనూ చెమట పట్టేవి కావు. పెళ్ళిళ్ళలో గంధం పూస్తే ఆ చేతులు చిటికెలో తాగేసేవి. ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆటలో పదకొండో మనిషి కావాలి కాబట్టి అతన్ని చేర్చుకున్నారు. బంతి వేసేవాడికి దగ్గరగా, ఎవరికీ అడ్డం లేని చోట నిలబెట్టారు.

తెల్లబండ వాళ్ళకు ఒక అలవాటు ఉండేది. బావిలోంచి నీళ్ళు తోడే తోలు బొక్కెనకు ఆముదం పట్టిస్తారు కదా, లేకపోతే ఎండి పగులుతుంది. బంతి కూడా తోలే కదా అని, ఆట నడుమ దానికి నిండా ఆముదం పట్టించేవాళ్ళు. ప్రేమతోనే చేసేవాళ్ళు. ప్రేమతో చేసినంత మాత్రాన పని సరైనది కాదు. ఆముదం తాగిన బంతి చచ్చిన ఎలుకలా తిన్నగా వెళ్ళి పడేది. తెల్లబండోళ్ళు బంతికి తలంటి జడ కూడా వేస్తారంట అని ఏటిపాలెం వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

మొదటి ఏడు మద్దిలేటి, "బంతికి ఒక పక్క ఆముదం వద్దు, ఎండనీండి" అన్నాడు. అందరూ నవ్వారు. రెండో ఏడు అదే మాట అన్నాడు. అందరూ కసిరారు. మూడో ఏడు కూడా అదే మాట అన్నాడు. ఈసారి నవ్వడానికీ కసరడానికీ ఎవరికీ ఓపిక లేదు. జట్టు పెద్ద గిడ్డయ్య ఆముదపు గిన్నె పక్కన పెట్టి, బంతి తీసి అతని చేతిలో పెట్టాడు.

ఆ రోజు ఎండ తెల్లగా కాసింది. మైదానం అంతా రాయి, మొరం. దూరాన ఎండమావి ఊగుతుంటే, దాని మీద ఏటిపాలెం జెండా తేలుతున్నట్టుంది. తెల్లబండ ముందు ఆడి కొద్దిపాటి పరుగులే చేసింది. తరువాత ఏటిపాలెం బ్యాట్ పట్టింది.

మద్దిలేటి ఆటకు ముందు మూడుసార్లు చేతులు కడిగాడు. సున్నం రేణువు కూడా బంతికి అంటకూడదు. అది అతని నియమం. ప్రతి బంతి పడ్డాక అది తిరిగి అతని చేతికే రావాలన్నాడు. ఒక పక్కను పంచెకు రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు. తన ఒంటికి చెమట లేదు కాబట్టి గిడ్డయ్య నుదుటి మీద చెమట వేలితో తీసి ఆ పక్కకే అద్దేవాడు. ఇన్నాళ్ళకు మన గిడ్డయ్య జట్టుకు పనికొచ్చాడని వెనక ఎవరో గొణిగారు. రెండో పక్కను మాత్రం తన పొడిచేతిలో పెట్టుకునేవాడు. ఆ పక్క తడి వేలు కూడా తగలనిచ్చేవాడు కాడు.

కొత్తలో బంతి కుట్టు ఎటు చూస్తే అటు వంగింది. అది ఏటిపాలెం వాళ్ళకు తెలిసిన వంపే. వాళ్ళు కాచుకుని కొట్టారు. ఆ తరువాత బంతి పాతబడి ఎటూ వంగలేదు. ఇంకా బాగా కొట్టారు.

బంతి అదనుకు వచ్చిందేమోనని ఉరుకుందు అడిగాడు. "వచ్చిందా మామా?"

"ఇంకా లేదు."

బంతి రాళ్ళ మీద పడింది. లేచింది. మళ్ళీ పడింది. పొద్దు కాస్త వాలింది. ఏటిపాలెం పరుగులు దగ్గర పడ్డాయి.

"వచ్చిందా మామా?"

"ఇంకా లేదు."

ఉరుకుందు మొలలో దాచుకున్న సోడా మూత తీశాడు. దాని అంచు ఎండలో పళ్ళలా మెరిసింది. మద్దిలేటి చూశాడు.

"గరుకు పక్కన నాలుగు గీతలు గీస్తే తొందరగా వస్తుంది మామా. నేలయినా గీకుతానే ఉండాది కదా."

"నేల గీకితే ఆట. నువ్వు గీకితే దొంగతనం."

"నా మేకలు చస్తాండాయి మామా."

ఆ మేకపిల్లలను మద్దిలేటీ చూసినవాడే. బట్టీకి వెళ్ళే దారిలోనే వాడి దొడ్డి.

"తెలుసురా అల్లుడా. దొంగమేత మేపి వాటిని బతికిస్తే, రేపు వాటి కళ్ళలోకి ఎట్ల చూస్తావు? అది పారెయ్. నేల పని నేలను చేయనీ. నీ పని నువ్వు చెయ్."

ఉరుకుందు చేతిలోని మూత వైపు చూశాడు. మైదానమంతా వాడికి నీళ్ళలో మునిగినట్టు కనబడింది. తరువాత మూతను ముళ్ళకంపలోకి విసిరేశాడు. అది పడిన చప్పుడు కూడా వినబడలేదు.

ఇంకో రెండు ఓవర్లు గడిచాయి. గెలవడానికి ఏటిపాలేనికి కాసిన్ని పరుగులు చాలు. వికెట్లు మూడు మిగిలాయి. మద్దిలేటి కళ్ళు మూసుకుని బంతిని అరచేతిలో తిప్పాడు. ఒక పక్క నీళ్ళలో రాయంత నునుపు. ఒక పక్క తెల్లబండ నేలంత గరుకు.

"వచ్చిందా మామా?"

"వచ్చింది. ఎప్పటిలాగే పట్టుకో. కానీ బలమంతా పెట్టు. మెల్లగా వేస్తే ఇది నిద్ర లేవదు. కొత్తలో గరుకు పక్కకు ఒరిగింది చూడు, ఇప్పుడు నునుపు పక్కకు ఒరుగుతుంది."

ఉరుకుందు మేకపిల్ల వెనక పరుగెత్తినట్టు పరుగెత్తి వేశాడు. బంతి తిన్నగా వెళ్ళింది. చాలా దూరం తిన్నగానే వెళ్ళింది. కుట్టు చూసిన బ్యాట్స్‌మన్ అది బయటికి పోతుందని బ్యాట్ ఎత్తాడు. అప్పుడు, ఇల్లు గుర్తొచ్చిన మనిషి దారిలో ఆగి వెనక్కి తిరిగినట్టు, బంతి చివరి క్షణంలో లోపలికి తిరిగింది. వికెట్ లేచిపోయింది. రెండోవాడు వచ్చాడు. అలాగే అయింది. మూడోవాడు జాగ్రత్తగా లోపలి బంతి కోసమే కాచుకున్నాడు. కాచుకున్నా బ్యాట్ దిగేలోపే బంతి లోపలికి వచ్చి ఆఖరి వికెట్ పడగొట్టింది.

ఏటిపాలెం వాళ్ళు ఊరుకోలేదు. బంతి కుట్టుకు ఎదురు తిరగడం ఎక్కడైనా ఉందా, గీకారన్నారు, మందు పూశారన్నారు, మొలలు దులపమన్నారు. ఆ రోజు అంపైరు వాళ్ళ ఊరి పెద్ద పీరయ్యే. నోరు తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనిషి. ఉరుకుందు మొల దులిపాడు. ఏమీ రాలలేదు. మద్దిలేటి చేతులు చాచాడు. పీరయ్య వాటిని వాసన చూశాడు. బంతిని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. ఇనుప గీత ఒక్కటి కనబడినా ఆ రోజే ఆట పోయేది, మంద పోయేది.

"గీత పొడుగ్గా ఉంటాది, గుంట గుండ్రంగా ఉంటాది," అన్నాడు పీరయ్య. "ఇవన్నీ గుంటలే. ఇది నేల చేసిన పని. మేకలు వాళ్ళవే మేస్తాయి."

ఉరుకుందు మైదానం నడుమ కూలబడ్డాడు. గెలిచినందుకు కాదు. ముళ్ళకంప వైపు చూసి, ఖాళీ మొలను మళ్ళీ ఒకసారి తడుముకున్నాడు.

ఆ వానాకాలం మద్దిలేటి పోయాడు. సున్నపు పొగ అతని రొమ్ములో ఎన్నాళ్ళుగానో కూడుతూ వచ్చింది. కొండవాలు పచ్చబడిన వారంలోనే పోయాడు. పాడె మోసినవాళ్ళలో ముందు పట్టింది ఉరుకుందు. వెనక పట్టింది పీరయ్య. ఏటిపాలెం మనిషి తెల్లబండ పాడె మోయడం అదే మొదలు.

అప్పటి నుంచి తెల్లబండలో బంతికి ఆముదం పెట్టరు. పాతబడిన బంతి వేసేవాడి చేతికి నేరుగా వెళ్ళదు. జట్టులో చేతికి చెమట పట్టని మనిషి ఎవరో చూసి, ముందు అతనికి అందిస్తారు. అతను మూడుసార్లు చేతులు కడుక్కుని ఆటకు దిగాలి. అతని అసలు పేరు ఏదైనా, ఆ ఒక్క రోజు అతన్ని మద్దిలేటి అనే పిలుస్తారు. జట్టు పెద్ద కూడా అతన్ని మీరనే అంటాడు. ఇప్పుడు బయట అందరూ ఆ వంపును రివర్స్ స్వింగ్ అంటున్నారు. ఆ రెండు ఊళ్ళలో మాత్రం మద్దిలేటి మలుపు అంటారు.

అడ్డదారి తొక్కబోయే పిల్లలకు ఆ ఊరి తల్లులు నేటికీ ఒక్క మాటే చెబుతారు. నేల పని నేలను చేయనీ. ఆటలోనూ అంతే, బంతి వేసేవాడు ఎంత తొందరలో ఉన్నా చెయ్యి చాచి, వచ్చిందా మామా అని అడగాల్సిందే. ఆ రోజు మద్దిలేటి అయినవాడు వయసులో చిన్నవాడైనా సరే, మామా అనే అడగాలి. అతను ఇంకా లేదంటే, వేసేవాడు మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి నిలబడతాడు.