రాజమల్లు పేర్చిన రాళ్లు

ఎర్రగుంటపల్లిలో రాజమల్లు అనే రైతు ఉండేవాడు. పట్నం రోడ్డంటే ఆయనకు ఎంత భయమో, సొంత ఊరి రోడ్డంటే అంత అలుసు. మనిషి మాత్రం వెన్న. పట్నంలో హెల్మెట్ బిగించి, బండిని నత్తలా నడిపేవాడు. పట్నం దాటాడో లేదో, హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి, గాలితో పందెం వేసేవాడు.

"ఈడ లారీలున్నయా, జనమున్నరా? మన రోడ్డు మనల్నేం జేస్తది?" అనేవాడు.

ఆ ఏడు మొక్కజొన్న చేలో మక్కలు బాగా పండాయి. ఊళ్లో అందరిలాగే ఆయనా సగం రోడ్డు మీద మక్కలు ఆరబోశాడు. వాటిమీద బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పేర్చాడు. నాలుగోనాడు మక్కలు ఇల్లు చేరాయి, రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. తియ్యమని భార్య కనకవ్వ రెండుసార్లు చెప్పింది. రేపు తీస్తానన్నాడు. ఆ రేపు వారమైనా రాలేదు.

ఒక సాయంత్రం పట్నం నుంచి వస్తున్నాడు. కనకవ్వకు ఇష్టమని జిలేబీ పొట్లం కూడా కొన్నాడు. పొద్దు వాలింది. ఎదురుగా నరపురుగు లేదు. బండి రయ్యిమని పోయి, ఆయన పేర్చిన రాయినే ఎక్కింది. రాజమల్లు ఎగిరి పడ్డాడు. తల పగిలింది.

పట్నంలో పడితే నలుగురు లేపేవారు, దవాఖాన దగ్గర్లోనే ఉండేది. ఇక్కడ పిలిస్తే పలికే దిక్కు లేదు. నెత్తురు కారుతూ చాలాసేపు పడి ఉన్నాడు. చివరికి గొర్రెలు తోలుకొస్తున్న మొండయ్య చూసి ఫోన్ చేశాడు. అంబులెన్స్ పట్నం నుంచే రావాలి. అది వచ్చి, మళ్లీ పట్నం చేరేసరికి ఇంకో గంట పట్టింది.

ప్రాణం దక్కింది గానీ, కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పినా మునుపటిలా లేవదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"పట్నంలో రోజూ పడుతుంటారు పెద్దాయనా. మెల్లగా పడతారు, తొందరగా వస్తారు, బతుకుతారు. మీ ఊళ్లవాళ్లు జోరుగా పడతారు, ఆలస్యంగా వస్తారు. ఇంకాస్త ఆలస్యమైతే నా మాట వినడానికి మీరుండేవారు కాదు" అని మందలించింది.

ఇంటికి వస్తూ రాజమల్లు ఆ చోట ఆటో ఆపించాడు. రాళ్లు అలాగే ఉన్నాయి. ఎడమచేత్తో ఒకటి ఎత్తబోయాడు, లేవలేదు. కనకవ్వ ఆటో దిగి వచ్చి రెండోవైపు పట్టింది.

"నువ్వు బతికినవు గనక తిడుతున్న. ఇంకొకలు పడి సచ్చిపోతే, వాళ్ల ఇంటామెకు ఏం జెప్పేటోళ్లం?" అంది.

రాజమల్లు కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక్క రాయి మిగలకుండా తీసేశారు.

రద్దీ రోడ్డు మీద భయమే మనిషిని కాపాడుతుంది. ఖాళీ రోడ్డు మీద పడినవాడికి సాయం దూరం, కాబట్టి అక్కడే మరింత జాగ్రత్తగా ఉండాలి.